మా పిన్ని మస్కట్ రోబో

పోయిన నెల ఆన్‌లైన్‌లో ఒక రోబో కొన్నాను. "60ల నాటి అసలైన జపాన్ రేకు బొమ్మ" అని అమ్మినాయన గట్టిగా చెప్పాడు. పార్సిల్ విప్పి, దాన్ని తీసుకెళ్ళి మా పిన్ని రోబో పక్కన నిలబెట్టాను. రెండు నిమిషాల్లో నీరుగారిపోయాను.

పిన్ని రోబో సంగతి ముందు చెప్పాలి. మాది రాజోలు దగ్గర. 1984లో, రాకేశ్ శర్మ అంతరిక్షంలోకి వెళ్ళొచ్చిన ఏడాది, మస్కట్‌లో ఇంటిపనికి వెళ్ళిన పిన్ని సెలవుకి వస్తూ దాన్ని సూట్‌కేసులో తెచ్చింది. కోనసీమలో అప్పట్లో గల్ఫ్ సూట్‌కేసు తెరుస్తున్నారంటే వీధి వీధంతా ఆ ఇంటి అరుగు మీదే ఉండేది. సెంటు సీసాలకీ చీరలకీ మధ్య పాత తువ్వాల్లో చుట్టి ఉంది అది. రెండు టార్చిలైటు బ్యాటరీలు వేస్తే గచ్చు మీద టకటకా నాలుగడుగులు నడిచి ఆగుతుంది, ఛాతీ మీద రెండు తలుపులు తెరుచుకుంటాయి, లోపల్నుంచి తుపాకులు ఎర్రగా వెలుగుతూ మోగుతాయి, నడుము పైభాగం గిర్రున ఒక చుట్టు తిరుగుతుంది. "చాల్లేరా, బ్యాటరీలు అయిపోతాయి" అనేది పిన్ని, అని తనే మళ్ళీ స్విచ్ వేసేది.

దాని వీపు మీద ఎస్.హెచ్. అని ఉంటుంది, అంటే హొరికావా కంపెనీ. జపాన్ బొమ్మలకి ఇలా అక్షరాలే ఇంటిపేర్లు: టి.ఎం. అంటే మసుదాయా, టి.ఎన్. అంటే నోమురా, పువ్వులో వై ఉంటే యోనెజావా. పిన్నిదానికి ఒళ్ళు రేకు, చేతులూ పాదాలూ ప్లాస్టిక్. కొత్తగా కొన్నదేమో నఖశిఖపర్యంతం రేకే.

చాలామంది పడే పొరపాటు ఇక్కడే. రేకైతే పాతది, ప్లాస్టిక్ అయితే కొత్తది అనుకుంటాం. కొంతవరకు నిజమే, మొదట్లో అంతా రేకే, ఖర్చు తగ్గించుకోడానికి రానురాను ప్లాస్టిక్ దూర్చారు. కానీ పాత బొమ్మలకి గిరాకీ పెరిగాక అవే డిజైన్లని మళ్ళీ రేకుతోనే చేసి వదిలారు. కాబట్టి రేకుని చూసి వయసు చెప్పకండి. నాకు దొరికిన సాక్ష్యం అట్టపెట్టె అడుగున ఉంది: బార్‌కోడ్. దుకాణంలో ఒక వస్తువు బార్‌కోడ్‌ని మొదటిసారి స్కాన్ చేసిందే 1974లో, అదీ అమెరికాలో. 60ల పెట్టె మీదకి అదెలా వస్తుంది? దేశం పేరు కూడా ఇలాగే పట్టిస్తుంది. "ఆక్యుపైడ్ జపాన్" (యుద్ధం తర్వాత పరాయి సైన్యం ఆక్రమణలో ఉన్న జపాన్) అని నిజంగా అచ్చయి ఉంటే అది 1952 లోపుది, "వెస్ట్ జర్మనీ" అంటే 1990 లోపుది.

పెట్టె లేకపోతే తుప్పు చూడండి. ఇది నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, మా ఊరి ఉప్పుగాలి నేర్పింది. ఈ రేకు అంటే పైన తగరం పూత ఉన్న ఇనుము, దాని మీద రంగుల అచ్చు. రేకుని కత్తిరించిన అంచులో మాత్రం పూత ఉండదు, ఇనుము బయటపడి ఉంటుంది. అందుకే తుప్పు అంచుల్లో, భాగాల్ని కలపడానికి కంతలో దూర్చి మడిచే చిన్న చిన్న రేకు చెవుల దగ్గర మొదలై, రంగు కిందనుంచి మెల్లగా లోపలికి పాకుతుంది. పిన్ని రోబో మెడ కింద అలాగే ఉంది, గోరంత మేర రంగు ఉబ్బి, దాని చుట్టూ టీ మరకలాంటి గీత. నేను కొన్నదానికి ముఖం మధ్యలో తుప్పు, మడిచిన రేకు చెవులు మాత్రం తళతళా మెరుస్తున్నాయి. తుప్పుని ఎవరో కావాలనే పూశారు.

1996 తుఫానుకి ఇంట్లోకి నీళ్ళొచ్చినప్పుడు పిన్ని రోబో అటక మీదుంది కాబట్టి బతికింది, కానీ లోపల మర్చిపోయిన బ్యాటరీలు కారి స్ప్రింగు తినేశాయి. దయచేసి బ్యాటరీలు తీసేసి దాచండి. స్ప్రింగు మార్చాక నడుస్తోంది, తిరుగుతోంది, ఎడమ తలుపు మాత్రం తెరుచుకోదు. దాన్ని బాగుచెయ్యాలంటే ఛాతీ రేకు చెవులు నాలుగూ విప్పాలి. ఇన్నేళ్ళ చెవులు ఒకసారి విప్పితే రెండో మడతకి విరుగుతాయి. ఇంతవరకు ఎవరూ విప్పలేదని చెప్పేవి కూడా ఆ చెవులే, వాటి మీద రంగు ఎక్కడా చిట్లలేదు. అందుకే ఆ తలుపు అలాగే వదిలేశాను.