ఎడమ వెనక టైరు, తడి బెర్ము, రెండు టన్నుల జాకీ

వెనక టైరులో గాలి పోతే స్టీరింగ్ పెద్దగా చెప్పదు. బండి తోక ఊగినట్టుంటుంది, ఆ వెంటనే టపటపమని రబ్బరు మోత. చిలకపాలెం దాటి రణస్థలం వైపు వస్తుండగా నా బండికి పోయింది ఎడమ వెనకది. అక్టోబరు ముసురు, ఆరు వరసల రోడ్డు, వెనకాల లారీలు. గట్టిగా బ్రేకు కొట్టకుండా యాక్సిలరేటర్ వదిలేసి, నాలుగు ఇండికేటర్లూ వేసి, వేగం దానంతటది పడేదాకా స్టీరింగ్ నిటారుగా పట్టుకున్నా. ఆగిన చోటే జాకీ తియ్యలేదు. నడక వేగంతో ఇంకో మూడొందల మీటర్లు పోనిచ్చి సర్వీసు రోడ్డులోకి దించా. అలా నడిపితే టైరు పక్క గోడ, అంటే సైడ్‌వాల్ నలిగి టైరు పనికిరాకుండా పోవచ్చు. పోతే పోనీ. మెయిన్ రోడ్డు అంచున లారీలకి వీపు పెట్టి నట్లు విప్పే పని మాత్రం నాకొద్దు.

చోటు చూసుకునేటప్పుడు కంటిని నమ్మను. ఏ రోడ్డయినా నీళ్ళు జారడానికి పక్కకి వాలుగానే వేస్తారు, తారు పక్కన మట్టి అంచు, అదే బెర్ము, ఇంకా వాలుతుంది. నీళ్ళ సీసాని తారు మీద అడ్డంగా పడుకోబెట్టి వదులుతా, ముందుకీ పక్కకీ. దొర్లిందంటే ఇంకో చోటు. రెండో ప్రయత్నంలో దొరికింది. దగ్గర్లో పెట్రోలు బంకో, సిమెంటు గచ్చున్న దాబానో ఉంటే ఈ తిప్పలేమీ ఉండవు, అక్కడికే పోవాలి.

బండిలో ఉన్నవాళ్ళందరినీ దించి పొలం వైపు దూరంగా నిలబెట్టా. మన వైపు పిల్లల్ని లోపలే కూర్చోబెట్టి జాకీ వేస్తారు. ఒక పిల్లాడు ఈ సీటు నుంచి ఆ సీటుకి గెంతితే చాలు, జాకీ తల మీద బరువు కదులుతుంది. ఎర్ర త్రికోణాన్ని సర్వీసు రోడ్డు కాబట్టి నలభై అంగల లెక్కన నడిచి పెట్టా. మెయిన్ రోడ్డయితే అది చాలదు. గంటకి 80 కిలోమీటర్లతో వచ్చే లారీ సెకనుకి 22 మీటర్లు వస్తుంది. త్రికోణం 50 మీటర్ల దూరంలో ఉంటే డ్రైవరుకి దొరికేది రెండు సెకన్ల పైచిలుకే. 100 మీటర్లు, అంటే నా నడకలో నూట ముప్పై అంగలు వెనక్కి వెళ్ళి పెట్టాలి. చోటు బాగోకపోతే జాకీ ఊసే వద్దు, జాతీయ రహదారి మీద 1033కి ఫోన్ చేస్తే సాయం వస్తుంది.

ఇక అసలు సంగతి. జాకీ బండిని ఎత్తుతుంది, అంతే. బండిని కదలకుండా ఉంచడం దాని పని కాదు. ఆ పని నేల మీద మిగిలిన మూడు చక్రాలది. హ్యాండ్ బ్రేకు వేశాం, గేరులో పెట్టాం, ఇంకేం అనుకుంటాం. చాలా బళ్ళలో హ్యాండ్ బ్రేకు పట్టేది వెనక రెండు చక్రాల్నే. అందులో ఒకటి గాల్లోకి లేచాక నేల మీద బ్రేకున్న చక్రం ఒక్కటే మిగులుతుంది. కేబుల్ కాస్త సాగి ఉంటే అదీ అనుమానమే. వెనక చక్రాలకి పవర్ వెళ్ళే బండిలో గేరు కాపాడుతుందా అంటే, రెండు చక్రాలూ వేర్వేరుగా తిరిగేలా మధ్యలో ఉండే డిఫరెన్షియల్ దాన్ని వమ్ము చేస్తుంది. గాల్లో ఉన్న చక్రం వెనక్కి తిరుగుతుంటే నేల మీది చక్రం హాయిగా ముందుకి దొర్లుతుంది, గేరు బిగిసే ఉంటుంది. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న బండయితే నాలుగు చక్రాలకీ పవర్ పంపే 4హెచ్‌లో పెట్టాలి, అప్పుడు గేరు ముందు చక్రాల్నీ పట్టుకుంటుంది. లేని బండికి టైరు కింద అడ్డే దిక్కు.

అడ్డంటే రోడ్డు పక్కన దొరికిన గుండ్రాయి కాదు. అది టైరుతో పాటే దొర్లుతుంది. ఇటుక చితుకుతుంది. మా వైపు సరుగుడు ముక్కలు ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి కానీ గుండ్రటి దుంగ కూడా రాయి బాపతే. వడ్రంగి దగ్గర నల్లతుమ్మ చెక్కని ఏటవాలుగా కోయించి నాలుగు దిమ్మలు పెట్టుకున్నా. ఒక్కోటి ఎత్తు 12 సెంటీమీటర్లు, వెడల్పు 15. ఎడమ వెనకది ఎత్తుతున్నాం కాబట్టి మూలకి మూల, కుడి ముందు చక్రానికి ముందొకటి, వెనకొకటి చెప్పుతో తన్ని బిగించా. మిగిలిన రెండూ ఎడమ ముందు చక్రానికి. అటుగా ఆగిన లారీ క్లీనరు చూడగానే అడిగింది కూడా అదే: “ముందు టైరుకి అడ్డెట్టినావేటి బాబూ?” పెట్టానన్నాక గానీ చెయ్యి వెయ్యలేదు. పని తెలిసిన మనిషి.

తర్వాత స్టెప్నీ. జాకీ కంటే ముందే ఇది బయటికి రావాలి. బొలేరో, థార్‌లకి వెనక తలుపు మీదే ఉంటుంది కాబట్టి బాధ లేదు. స్కార్పియో, ఫార్చ్యూనర్ లాంటి వాటికి బండి కిందే వేలాడుతుంది. నాదీ ఆ రకమే. బంపరు దగ్గరి కన్నంలోంచి రాడ్డు దూర్చి ఎడమకి తిప్పితే గొలుసు దిగుతుంది. ఉప్పు గాలికీ బురదకీ ఆ గొలుసు పట్టేస్తుంది. ఆర్నెల్లకోసారి దింపి, కడిగి, నూనె పెట్టకపోతే అవసరానికి అర అంగుళం కూడా కదలదు. ఇంకో చిక్కు: వెనక టైరే పోయినప్పుడు బండి కుంగి ఉంటుంది, దిగిన స్టెప్నీ బయటికి రావడానికి సందు చాలకపోవచ్చు. అప్పుడు దిమ్మలన్నీ పెట్టాక, నట్లు వదులు చేశాక, బండిని కాస్తంత ఎత్తి, రాడ్డుతో బయట నుంచే లాగాలి. ఎత్తిన బండి కింద దూరి గొలుసు కొక్కెం తియ్యడం మాత్రం ఎవరు చెప్పినా చెయ్యకండి.

బయటికొచ్చిన స్టెప్నీని గాలి చూసి, ఎత్తబోయే చక్రం పక్కనే ఛాసిస్ కిందకి పడుకోబెట్టి తోశా. జాకీ జారినా బండి రిమ్ము మీద ఆగుతుంది, కింద చెయ్యి నలగదు. పాత చక్రం ఊడొచ్చాక దాన్ని అక్కడ పెట్టి స్టెప్నీని తీసుకోవాలి.

నట్లు వదులు చెయ్యడం టైరు నేల మీద ఉండగానే. ఎత్తాక చేస్తే చక్రం తిరుగుతుంది, మన బలమంతా బండిని జాకీ మీంచి తోసే బలం అవుతుంది. బండితో వచ్చే ఎల్ ఆకారం స్పానరు జానెడుంటుంది, దానితో నా వల్ల కాదు. ప్లస్ స్పానరు, దాని చేతికి తొడగడానికి రెండడుగుల ఇనప పైపు పెట్టుకున్నా. స్పానరు చెయ్యి ఎడమ వైపుకి వచ్చేలా నట్టుకి పెట్టి, పైనుంచి కిందకి బరువు వెయ్యాలి. కింద నుంచి పైకి లాగితే నడుం పట్టేస్తుంది. ఒక్కో నట్టూ ఒక చుట్టుకి మించి తిప్పొద్దు.

జాకీ కింద చెక్క గురించి చాలామంది పట్టించుకోరు. లగేజీతో కలిపి రెండు టన్నుల బండి అనుకుంటే వెనక చక్రం మోసేది సుమారు 500 నుంచి 600 కిలోలు. నూనె ఒత్తిడితో లేచే సీసా జాకీ అడుగు పది సెంటీమీటర్ల చదరం. అంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీదా ఐదారు కిలోలు. వానకి నానిన బెర్ములో అది మేకులా దిగుతుంది. మే నెల మధ్యాహ్నం అయితే మెత్తబడ్డ తారులో కూడా దిగుతుంది. ముప్పై సెంటీమీటర్ల చదరం, ఐదు సెంటీమీటర్ల మందం చెక్క వేస్తే అదే బరువు తొమ్మిది రెట్ల చోటు మీద పరుచుకుంటుంది. నా ఎడమ చక్రాలు రోడ్డు అంచునే ఉన్నాయి, చెక్క సగం తారు మీద, సగం బురద మీద పడేలా ఉంది. అలా పెట్టకూడదు, బురద వైపు దిగి జాకీ వాలిపోతుంది. బండి స్టార్ట్ చేసి, దిమ్మలు తీసి, అరగజం లోపలికి జరిపి మళ్ళీ మొదట్నించీ దిమ్మలు పెట్టా. విసుగే. కళింగపట్నం, బారువ లాంటి చోట్ల ఇసుకలో దిగబడితే ఈ చెక్క కూడా చాలదు. పై ఇసుక తోడి, తడిగా గట్టిపడ్డ పొర మీద ఇంకా పెద్ద పలక వెయ్యాలి.

జాకీ ఎక్కడ పెట్టాలనేది బండిని బట్టి. ఛాసిస్ మీద బాడీ కూర్చున్న నా బండికి మాన్యువల్ చూపించింది వెనక యాక్సిల్ హౌసింగ్, అంటే ఇరుసు మీది గొట్టం, చక్రానికి దగ్గరగా. మధ్యలో ఉబ్బిన డిఫరెన్షియల్ కింద కాదు, షాక్ అబ్జార్బర్ కింది బోల్టు కింద అసలే కాదు. యాక్సిల్ వెంట పోయే సన్నటి బ్రేకు పైపు జాకీ తలకి తగలకూడదు. యాక్సిల్ కింద ఎత్తితే లాభమేమిటంటే స్ప్రింగ్ సాగదు, తక్కువ ఎత్తుతోనే టైరు నేల వదులుతుంది. క్రెటా లాంటి ఛాసిస్ లేని బళ్ళకి లెక్క వేరు. వాటికి తలుపు కింద రేకు అంచులో రెండు గాట్ల మధ్య చోటు, దానికి సరిపోయే గాడి ఉన్న స్క్రూ జాకీ. ఏ బండికైనా ఫుట్‌బోర్డు కింద పెడితే అది వంగిపోవడం ఖాయం.

గాలి లేని టైరు వల్ల యాక్సిల్ కిందకి దిగి సీసా జాకీ దూరకపోతే, టైరు ముందు పలక వేసి దాని మీదకి బండిని ఎక్కిస్తే ఐదు సెంటీమీటర్లు కలిసొస్తాయి. నాకు ఆ అవసరం పడలేదు. జాకీ డిక్కీలో అడ్డంగా పడి ఉంటే లోపల గాలి చేరుతుంది. అందుకని ముందు వాల్వు వదులు చేసి ఏడెనిమిదిసార్లు ఉత్తినే కొట్టి, కుడి వైపుకి బిగించా. తల మీది స్క్రూని చేత్తోనే యాక్సిల్‌కి అందేదాకా పైకి తిప్పుకుంటే పంపు దూరం మిగులుతుంది. లోపల నూనె తగ్గితే జాకీ నూనే పొయ్యాలి, బ్రేకు ఆయిల్ పోస్తే వాషర్లు ఉబ్బి చెడతాయి.

టైరు నేల వదిలీ వదలగానే ఆపి చూసుకోవాలి. తాళాల గుత్తిని దారానికి కట్టి మేస్త్రి తూకపు గుండులా జాకీ పక్కన వేలాడదీశా. యాక్సిల్ నిట్టనిలువుగా లేవదు, అవతలి టైరు ఆసరాగా వంపు తిరుగుతూ లేస్తుంది. పది సెంటీమీటర్లు ఎత్తేసరికి జాకీ తల రెండు సెంటీమీటర్ల దాకా లోపలికి లాగబడుతుంది. దారానికీ జాకీకీ సందు కనిపిస్తే దించి, అడుగుని కాస్త లోపలికి జరిపి మళ్ళీ ఎత్తాలి. నేను ఒకసారి దించా. ఆ తర్వాత పాత టైరు ఊడటానికి చాలినదాని కంటే ఐదు సెంటీమీటర్లు ఎక్కువ ఎత్తా, ఎందుకంటే గాలున్న టైరుకి కింద ఎక్కువ సందు కావాలి.

నట్లన్నీ తీసినా రిమ్ము ఊడలేదు. రిమ్ము కూర్చునే ఇనప బిళ్ళ, హబ్బుకి, తుప్పు పట్టి అతుక్కుంది. సముద్రం పక్క ఊళ్ళ బళ్ళకి ఇది మామూలే. దీనికి జాకీ మీదున్న బండిని కాలితో తన్నడం మొదలెడతారు. వద్దు. నట్లన్నీ మళ్ళీ చేత్తో ఎక్కించి, ఒక చుట్టు వదులుగా ఉంచి, జాకీ దించితే బండి బరువుకే టక్కుమని విడిపోతుంది. మళ్ళీ ఎత్తి చూస్తే చేతిలోకి వచ్చేసింది. హబ్బు మీది తుప్పుని ఇనప బ్రష్‌తో గీకా. నట్లు ఎక్కే మరలు, స్టడ్లకి, మాత్రం గ్రీజు, నూనె రాయకూడదు. రాస్తే అదే బలానికి నట్టు లెక్కకి మించి బిగుసుకుని స్టడ్డు సాగుతుంది.

స్టెప్నీ బరువు పాతిక కిలోల పైమాటే. రెండు చేతులతో ఎత్తి కన్నాలు వెతక్కుండా, టైరు కింద టామీ రాడ్డు దూర్చి మీటితే స్టడ్ల దగ్గరికి అదే లేస్తుంది. నట్లకి ఏటవాలుగా ఉండే వైపు లోపలికి. ముందు చేత్తో, తర్వాత స్పానరుతో ఒకదాని ఎదురుగా ఒకటి, ఐదు నట్లయితే నక్షత్రం గీసినట్టు. టైరు నేలకి ఆనేదాకా దించి అసలు బిగింపు. చాలా ఎస్‌యూవీలకి 100 నుంచి 130 న్యూటన్ మీటర్లు అడుగుతారు. 30 సెంటీమీటర్ల చెయ్యున్న స్పానరు కొసన 35 నుంచి 45 కిలోల బరువు వేసినంత. డెబ్బై కిలోల మనిషి దాని మీద ఎక్కి నిలబడితే రెండొందలు దాటిపోతుంది. ఆ ఇనప పైపు నట్లు విప్పడానికే, బిగించడానికి కాదు.

రణస్థలంలో పంక్చరు వేయించి పాత చక్రాన్నే మళ్ళీ ఎక్కించుకున్నా. అక్కడి కుర్రాడు నట్లు బిగించే గాలి గన్ను తీశాడు.

“గన్ను వద్దు తమ్ముడూ, చేత్తో బిగించు.”

“చేత్తో అయితే లూజైపోద్ది కదా సార్?”

“యాభై కిలోమీటర్లయ్యాక నేనే ఇంకోసారి చూసుకుంటాలే.”

గన్నుతో కొట్టిన నట్టు రోడ్డు మీద మన స్పానరుకి లొంగదు. ఇల్లు చేరాక చూస్తే ఒక నట్టు పావు చుట్టు తిరిగింది. రిమ్ము వెనక కొంచెం తుప్పు మిగిలి, నడుస్తుంటే నలిగినట్టుంది. మర్నాడు పొద్దున్న ఇంకోసారి చూశా, కదల్లేదు. స్టెప్నీలో 35 పీఎస్ఐ కొట్టించి, గొలుసుకి నూనె పెట్టి పైకి ఎక్కించా. తుమ్మ దిమ్మల్లో ఒకటి బీటలిచ్చింది, వడ్రంగికి చెప్పా.