రూపాయి బిళ్ళ

2020 ఆగస్టులో నాన్న కరోనాతో పోయారు. నడుచుకుంటూ ఆసుపత్రిలోకి వెళ్ళిన మనిషిని ఆరో రోజు సంచిలో చుట్టి దూరం నుంచి చూపించారు. ముఖం చూడనివ్వలేదు. లోపల ఉన్నది నాన్నేనా అన్న అనుమానం నన్ను చాన్నాళ్ళు వదల్లేదు.

ఆ సందులోంచే వాట్సాప్ దూరింది. కరోనా శవానికి లక్షన్నర ఇస్తున్నారట, కిడ్నీలు తీసేస్తున్నారట. చదివితే కోపం వచ్చేది, కోపం వస్తే ఏడుపు ఆగేది. నాకు కావాల్సింది రుజువు కాదు, తిట్టుకోవడానికి ఒక మనిషి. వైరస్‌ని ఎంతని తిడతాం? (నేను చదివింది బీఎస్సీ. అదీ జువాలజీ!)

2021 ఏప్రిల్‌లో నలభై అయిదు దాటినవాళ్ళందరికీ టీకా అన్నారు. ఏఎన్ఎం అమ్మాయి రెండుసార్లు గడప దాకా వచ్చి తిరిగిపోయింది. అదే నెలలో తమిళ నటుడు వివేక్ టీకా వేయించుకున్న రెండు రోజులకే పోయాడు. మాది నెల్లూరు, మద్రాసు వార్త మాకు పక్కింటి వార్త. గుండె రక్తనాళం మూసుకుపోయిందని డాక్టర్లు చెప్పింది నా చెవికెక్కలేదు.

మే నెలలో నాకు జ్వరం. జనం పోతున్నది 5జీ పరీక్షల వల్లేనని గ్రూపులో వాదిస్తున్న రోజులు. అప్పటికి దేశంలో ఆ పరీక్షలే మొదలు కాలేదు. టెస్టుకెళితే పట్టుకుపోతారని మేడమీద గదిలో దాక్కున్నా. మిరియాల కషాయం, ఆవిరి. ఆరో రోజు బావ ఆక్సీమీటర్ తెచ్చి వేలికి తగిలించాడు. 84. ఆయాసమే లేదు నాకు, కూర్చుని మాట్లాడుతూనే ఉన్నా.

"మిషన్ తప్పు బావా."

తన వేలికి పెట్టుకున్నాడు. 98. "దీన్ని కూడా వాళ్ళే కొనేశారంటావా?"

మంచం దొరికేసరికి తెల్లారింది. పదకొండు రోజులు ఆక్సిజన్, స్టెరాయిడ్లు, బోర్లా పడక. షుగర్ 300 దాటింది. మొదటి సూదికి చెయ్యి వెనక్కి లాక్కుంటే, నర్సమ్మ స్టూలు లాక్కుని కూర్చుని ఏది ఎందుకో చెప్పింది. అయిదు నిమిషాలు పట్టిందేమో. నాన్నప్పుడు మాకు అలా ఎవరూ చెప్పలేదు.

ఇంటికొచ్చాక రెండు నెలలు నీళ్ళ బకెట్ ఎత్తలేకపోయా.

కోలుకున్న మూడు నెలలకు టీకా వేయించుకున్నా. అర మిల్లీలీటరు, చీమ కుట్టినట్టు. అయితే భుజానికి అయస్కాంతం వస్తుందన్న వీడియో బుర్రలోంచి పోలేదు. ఆ రాత్రి ఎవరూ చూడకుండా రూపాయి బిళ్ళ ఆనించి చూశా. అతుక్కుంది! గుండె జారింది. చెమట తుడుచుకుని మళ్ళీ పెట్టా. కింద పడి మంచం కిందకి దొర్లిపోయింది.

"ఏంటా చప్పుడు?" అంది మా ఆవిడ.