వెనక్కి వెళ్ళిన ర్యామ్

ఎట్టకేలకు ఇవాళ ఆ పాడైన ర్యామ్ జత, అంటే కంప్యూటర్ మెమరీ ముక్కలు, అమ్మినవాళ్ళకి తిరిగి పంపడానికి రాజోలు పోస్టాఫీసు కౌంటరు దాటింది. డబ్బు ఇంకా రాలేదు గానీ, ఇంట్లోంచి పీడ విరగడైంది.

నేను చేసేది పెళ్ళి ఆల్బమ్‌ల డిజైనింగు. చుట్టుపక్కల ఫోటోగ్రాఫర్లు హార్డ్‌డిస్కుల్లో ఫోటోలు తెచ్చి పడేస్తారు, నేను షీట్లు చేసిస్తాను. పాత 8 జీబీ ర్యామ్ మీద ఫోటోషాప్ మూలుగుతూ నడుస్తోందని, ముహూర్తాలు మొదలవకముందే ఆన్‌లైన్లో 16 జీబీలవి రెండు, జతగా తెప్పించాను. పెట్టగానే మిషను హుషారుగానే లేచింది. ఆ తరవాత, సేవ్ చేసిన షీటు మళ్ళీ తెరిస్తే పెళ్ళికూతురి నుదుటిమీద బాసికం ఉండాల్సినచోట ఆకుపచ్చ చారలు. జీలకర్రా బెల్లం పెడుతున్న చెయ్యి మోచేతి నుంచి కిందకి బూడిదరంగు. మధ్యలో నీలం తెర వచ్చి మిషనే ఆగిపోయింది కూడా. ఆగిపోతే నయం, రోగం ఉందని తెలుస్తుంది. ఆగకుండా ఫైళ్ళు పాడుచేస్తూ పోవడమే ప్రమాదం. ర్యామ్‌లో ఒక్క బిట్టు తప్పినా ఆ తప్పు కాస్తా డిస్కులోకి సేవ్ అయిపోతుంది. ఏ షీటు మంచిదో ఏది చెడిందో పైకి కనపడదు.

మా ఆడపడుచు భర్త, అన్నయ్యగారు, ఎలక్ట్రీషియన్. ఆయన చూడకుండానే చెప్పేశారు: "మన వోల్టేజి అమ్మా, ఇంకేంటి." కోనసీమలో ఏది పాడైనా ముందు కరెంటునీ, తరవాత ఉప్పుగాలినీ తిట్టడం ఆనవాయితీ. అందులో నిజం లేకపోలేదు, మా పాత కేబినెట్టు స్క్రూలు తుప్పుపట్టి ఊడిరానే లేదు. కానీ ఈసారి నేను ఒప్పుకోలేదు. ర్యామ్‌లో తప్పులు పట్టే మెమ్‌టెస్ట్ అనే ప్రోగ్రామ్ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, విండోస్ రాకుండా నేరుగా దాన్నే నడిపాను. రెండు ముక్కలూ పెడితే తెరనిండా ఎర్ర గీతలు. ఒకటి తీసేస్తే శుభ్రం. ఆ తీసినదాన్ని ఒక్కదాన్నే పెడితే మళ్ళీ ఎరుపు. అదే స్లాటులో పాత ర్యామ్ పెట్టి రాత్రంతా వదిలేస్తే ఒక్క తప్పూ లేదు. అంటే స్లాటుది కాదు, కరెంటుదీ కాదు, దోషం ఆ ముక్కదే.

నాకు తేలింది గానీ, ఆన్‌లైన్లో అమ్మినవాళ్ళకి తేలాలిగా. ఫిర్యాదు చేస్తే మొదలయ్యాయి ప్రశ్నలు.

"మేడమ్, పిన్నులు రబ్బరుతో తుడిచారా?" తుడిచాను. అంచున 288 బంగారు గీతలు, ముందూ వెనకా, బడిపిల్లల రబ్బరుతోనే. "వేరే కంప్యూటర్లో పెట్టి చూశారా?" పక్కవీధి కుర్రాడి మిషన్లో అదీ అయింది. "అయితే వీడియో పంపండి మేడమ్. సీరియల్ నంబరు కనపడాలి, ర్యామ్ పెట్టడం, ఎర్రర్ రావడం, అంతా కట్ లేకుండా ఒకే వీడియోలో ఉండాలి." ఎర్రర్ ఎప్పుడొస్తుందో ర్యామ్ మనకి చెప్పి రాదు కదా! మావయ్యగారు ఫోను పట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. ఆయనకి చెయ్యి నొప్పెడితే అత్తయ్య పట్టుకున్నారు. తీరా గీతలు పడ్డాక మావయ్యగారు ఉండబట్టలేక "ఆయ్, వచ్చేసిందమ్మాయ్, ఎర్రగా వచ్చేసింది!" అని అరిచారు. ఆ అరుపుతో సహా పంపేశాను.

కొన్నప్పుడు కస్టమర్ని, తిరిగి ఇస్తానన్నప్పుడు ముద్దాయిని. నేనే టెస్టింగు చేసి, నేనే సాక్ష్యాలు పోగేసి, వాళ్ళ పని వాళ్ళకి జీతం లేకుండా చేసిపెట్టాలి. నా సరుకు నేనే మార్చేసి మోసం చేస్తున్నానేమోనని వాళ్ళ అనుమానం. అలాంటివాళ్ళూ ఉంటారు, కాదనను.

వీడియో చూసి ఒప్పుకున్నారు. ఒక్కటే పాడైనా జతగా అమ్మింది కాబట్టి రెండూ పంపాలన్నారు. అది సబబే, ఒకే జతలో ముక్కలు కలిసి పనిచేసేలా చూసి అమ్ముతారు. అసలు మెలిక తరవాత వచ్చింది: "మీ పిన్‌కోడ్‌కి పికప్ సదుపాయం లేదు, మీరే పంపండి." తెచ్చి ఇచ్చినప్పుడు ఇదే పిన్‌కోడు, ఇదే గుమ్మం! మావయ్యగారు నవ్వి, "దీనికి రావడానికి దారుంది, పోవడానికి లేదు. మన కోటిపల్లి–నర్సాపురం రైలే నయం, రానూ లేదు, పోనూ లేదు" అన్నారు. ఆ లైను 2000–01 బడ్జెట్‌లో మంజూరైంది. అప్పుడు ఆయన జుట్టు నల్లగా ఉండేదట.

పంపిస్తాను గానీ ఖర్చు ఎవరిది అంటే జవాబు లేదు. అప్పుడు కాస్త గట్టిగా రాశాను. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి, లోపమున్న సరుకు వెనక్కి తీసుకోనంటే కుదరదు. ఇంకా నాన్చితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాననీ, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కేసు మీ ఊరొచ్చి వెయ్యక్కర్లేదు, నేనుండే చోటే వెయ్యొచ్చనీ రాశాను. సాయంత్రానికల్లా మెయిల్లో భాష మారిపోయింది. రసీదు పెడితే పోస్టు ఖర్చు ఇస్తామన్నారు.

ఇవాళ పొద్దున ప్యాకింగు. వెండిరంగు యాంటీ స్టాటిక్ కవరు, దానిమీద ప్లాస్టిక్ ట్రే, ఆపైన అట్టపెట్టె. ఖాళీల్లో కూరడానికి అత్తయ్య పెరట్లోంచి దోసెడు కొబ్బరిపీచు తెచ్చారు. పొట్టు రాలుతుందని బతిమాలి, పాత పేపర్లు ఉండచుట్టి పెట్టాను. పెట్టె మూసేదాకా ఇంకో వీడియో.

పోస్టాఫీసులో మావయ్యగారు "రిజిస్టరు చెయ్యండి" అని పట్టుబట్టారు. "రిజిస్టరు పోస్టు 2025 సెప్టెంబరు 1 నుంచి స్పీడ్‌పోస్టులో కలిపేశారండి. కావాలంటే రిజిస్ట్రేషను దీనికే అదనంగా కడతాం" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. కట్టించాం. రసీదు మీద బరువు సరిగ్గా పడిందో లేదో అక్కడే నిలబడి చూసుకున్నాను. ఖాళీ డబ్బా వచ్చిందని రేపు ఎవరైనా అంటే ఆ గ్రాముల అంకె నాకు సాక్షి.

దార్లో సెంటర్లో కంప్యూటర్ షాపతన్ని ధర అడిగాను. ఆన్‌లైన్ కన్నా ఎక్కువే చెప్పాడు. "మీ ముందే పెట్టి చూపించి ఇస్తాను మేడమ్" అన్నాడు. మునుపైతే ఆ తేడా దండగనుకునేదాన్ని. ఈసారి అతని దగ్గరే కొంటాను, డబ్బు చేతికొచ్చాక.

మధ్యాహ్నం రసీదు ఫోటో పెట్టగానే మెయిల్ వచ్చింది: పోస్టు ఖర్చు మా యాప్‌లో పాయింట్లుగా జమచేస్తాం. పాయింట్లు వద్దు, ఖాతాలో వెయ్యండి అని తిరిగి రాశాను. ఇక పాస్‌బుక్ మొదటి పేజీ అడుగుతారు. అదీ ఫోటో తీసి ఉంచాను.