లెక్క ముందే వచ్చేసిన పిల్లలకు పాఠం: నేను చేసే పద్ధతి

విజయవాడలో ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతాను. అనులోమ, విలోమానుపాతాల (ఒకటి రెట్టింపైతే రెండోదీ రెట్టింపవడం అనులోమం, సగమవడం విలోమం) అధ్యాయం మొదలుపెట్టేసరికే తరగతిలో నలుగురైదుగురికి ఆ లెక్కలు వచ్చేసి ఉంటాయి. ఇలాంటి పిల్లలకు అదే అధ్యాయాన్ని లోతుగా ఎలా చెబుతున్నానో రాస్తున్నాను.

ముందు ఎవరికి వచ్చో తేలాలి. అధ్యాయానికి ముందురోజు చివరి అభ్యాసంలోంచి కష్టమైన లెక్కలు 5 ఇస్తాను, సమయం 15 నిమిషాలు. తరగతి మొత్తానికీ ఇవ్వాలి. ర్యాంకుల వాళ్లకే ఇస్తే, మార్కులు అంతంతమాత్రంగా ఉన్నా లెక్క గట్టిగా తెలిసిన పిల్లలు మన కంట పడరు. 4 లెక్కలు సోపానాలతో సహా చేసినవాళ్లకు అభ్యాసాలు మినహాయింపు. దాంతోపాటు ఒక ప్రశ్న: ‘వయసు పెరిగితే ఎత్తు పెరుగుతుంది. మరి ఈ రెండూ అనులోమానుపాతంలో ఉన్నట్టేనా?’ ఐదు లెక్కలూ చేసి దీనికి ‘అవును’ అని రాసేవాళ్లుంటారు. వాళ్లకు సూత్రం వచ్చింది, విషయం ఇంకా రాలేదు. వాళ్లు మొదటి రెండు పీరియడ్లు అందరితోనే కూర్చుంటారు.

లెక్కలూ ఈ ప్రశ్నా రెండూ సరిగా చేసినవాళ్లకు ప్రకాశం బ్యారేజీ లెక్క ఇస్తాను. నిల్వ సామర్థ్యం 3.07 టీఎంసీలు, 2024 సెప్టెంబరు వరదలో గరిష్ఠ ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులనీ, క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగనీ చెప్పి ఊరుకుంటాను. ఆ ఉధృతిలో బ్యారేజీ నిల్వకు సమానమైన నీరు ఎంతసేపట్లో దాటిపోతుంది? జవాబు సుమారు 2,686 సెకన్లు, అంటే దాదాపు 45 నిమిషాలు. మా పీరియడూ అంతే. ఒక జాగ్రత్త: సింగ్‌నగర్ వైపు పిల్లలుంటే ముందుగా వాళ్లతో విడిగా మాట్లాడాలి. ఆ వరదలో అక్కడ ఇళ్లు ముంచింది కృష్ణ కాదు, బుడమేరు వాగు. అయినా వరద అన్న మాటే వాళ్లకు బరువుగా ఉండొచ్చు.

అసలు పని రెండో ప్రశ్నతో మొదలవుతుంది. పైనుంచి నీరు రాని తొట్టి ఖాళీ అవుతుంటే, సగం నీరు సగం సమయంలోనే పోతుందా? దీనికి గాడులు లేని నిటారు రెండు లీటర్ల సీసా కావాలి. అడుగున వంపు దాటాక, కాల్చిన మేకుతో 3 మిల్లీమీటర్ల రంధ్రం నేనే చేస్తాను. రంధ్రం నుంచి పైకి 3 సెంటీమీటర్లకొకటి చొప్పున నాలుగు గీతలు గీసి, ఒక్కో గీత దిగడానికి ఎంతసేపు పట్టిందో రాయాలి. మట్టం తగ్గేకొద్దీ పీడనం తగ్గి ధార నెమ్మదిస్తుంది. అందుకే మొదటి మూడు భాగాలకు కలిపి పట్టినంత సమయం దాదాపు చివరి భాగానికే పడుతుంది. ఇక అదే ఎత్తులో అంతే రంధ్రం ఇంకొకటి చేస్తే మొత్తం సమయం సగమవుతుంది. ఒకే సీసాలో విలోమానుపాతం నిలబడిన చోటూ, అనులోమానుపాతం తప్పిన చోటూ కనిపిస్తాయి. ఎందుకలా అన్నది వాళ్లే రాయాలి, కనీసం పది వాక్యాలు.

ఇక్కడ తరచూ జరిగే పొరపాట్లు ఇవి. మూత బిగించి ఉంటే గాలి లోపలికి పోక ధార ఆగిపోతుంది, లేదా ఆగి ఆగి వస్తుంది. గీతలు సీసా అడుగు నుంచి కొలిస్తే లెక్క చెడుతుంది. చివర్లో ధార చుక్కలుగా మారుతుంది కాబట్టి గడియారం ఎప్పుడు ఆపాలో ముందే అనుకోవాలి.

పాఠం రాసేటప్పుడు ప్రశ్నను ముందు నేనే చేసి, ఎక్కడ ఆగిపోయానో గుర్తు పెట్టుకుంటాను. ఆ చోట్లకు మూడు చీటీలు, ప్రతిదానిలో ఒక ప్రశ్న మాత్రమే. పది నిమిషాలు గడిచేదాకా మొదటి చీటీ ఇవ్వను. ఎప్పుడూ తప్పు చేయని పిల్లలు మొదటిసారి చిక్కుకున్నప్పుడు మౌనంగా ఉండిపోతారు. వాళ్ల పక్కన కూర్చుని ‘ఇంతవరకు ఏం ప్రయత్నించావు?’ అని అడగాలి.

అవే రకం లెక్కలు ఇంకో ఇరవై ఇవ్వడం శిక్ష. వెనకబడినవాళ్లకు చెప్పమని రోజూ కూర్చోబెడితే, లెక్క వచ్చిన ఈ పిల్లల చదువు ఆగిపోతుంది. పైతరగతి పుస్తకం ఎందుకివ్వరని తల్లిదండ్రులు అడుగుతారు. గణిత ఒలింపియాడ్ తొలి దశ పరీక్ష ఐఓక్యూఎంలో 3 గంటలకు 30 ప్రశ్నలే కదా, ఒక్కోదానికి 6 నిమిషాలు ఆలోచించడానికి ఇచ్చారని చూపిస్తాను.

యూనిట్ పరీక్ష అందరికీ ఒకటే. సీసా పనికి మార్కులు వేయను. వేస్తే పిల్లలు చేతికొచ్చిన కొలతలను దిద్దేస్తారు. కాగితం అంచున నా ప్రశ్నలు రాసి తిరిగి ఇస్తాను, వాళ్లు జవాబు మర్నాడు చెప్పాలి.