నా మొదటి ఓటు, రెండు డిబేట్లు

అమెరికా పౌరసత్వం వచ్చాక నేను ఓటేసిన మొదటి అధ్యక్ష ఎన్నిక 2024లోది. మేముండేది జార్జియాలో, అట్లాంటా దగ్గర. 2020లో ఈ రాష్ట్రంలో గెలుపోటముల మధ్య తేడా 11,779 ఓట్లే. అందుకే ఎవరో చెప్పారని ఓటు వేసెయ్యడానికి మనసొప్పలేదు. మనిషిని చూసి, విని, నేనే తేల్చుకోవాలనుకున్నాను.

జూన్ 27 రాత్రి తొమ్మిదికి బైడెన్, ట్రంప్ డిబేట్. అట్లాంటాలోనే, సీఎన్ఎన్ స్టూడియోలో. ఎదురుగా జనం లేరు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారి మైకు కట్. తెనాలిలో నాన్నకి అప్పుడు ఉదయం ఆరున్నర, కాఫీ గ్లాసు పట్టుకుని ఆయనా టీవీ ముందు కూర్చున్నారు. పావుగంటలోపే బైడెన్ మాట తడబడింది. ఏదో చెప్పబోయి దారి తప్పి, "చివరికి మెడికేర్‌ని ఓడించాం" అనేశారు. మెడికేర్ అంటే పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, ఓడించాల్సింది కాదు. ఎనభై ఒక్కేళ్ల మనిషి అలా పదాల కోసం వెతుక్కుంటుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. ఆ తర్వాత ట్రంప్ గొంతు గట్టిగా వినిపిస్తుంటే, ఆయన చెప్పేదంతా నిజమే అన్నట్టు వింటూ కూర్చున్నాను. అలా విన్నానని కూడా నాకు వెంటనే తెలియలేదు.

నాన్న ముప్పై ఏళ్లు కోర్టులో బెంచి క్లర్కుగా చేశారు. ఫోన్ చేసి "ఎవరు గెలిచినట్టు నాన్నా?" అంటే, "నువ్వు ముఖాలు చూశావు, వాంగ్మూలం చదివావా?" అన్నారు. "సాక్షి తీరు ఎలా ఉందో జడ్జిగారు విడిగా రాసుకోవచ్చు తల్లీ, చట్టంలోనే ఉంది. కానీ తీర్పు దగ్గరికొచ్చేసరికి వాంగ్మూలం తెరవాల్సిందే. రెండూ కలిపెయ్యకు."

ఆ శనివారం డిబేట్ మొత్తం ప్రింటు తీసి పెన్సిల్‌తో చదివాను. గొంతు లేకుండా మాటలు వేరేగా ఉన్నాయి. తన హయాంలో సైనికులెవరూ ఎక్కడా చనిపోలేదన్నట్టు బైడెన్ మాట్లాడారు. 2021 ఆగస్టులో కాబూల్‌లో 13 మంది, 2024 జనవరిలో జోర్డాన్‌లో ముగ్గురు పోయారు. ఆ ఇళ్లల్లో వాళ్లు ఇది వింటూ ఉండి ఉంటే? ట్రంప్ అయితే బిడ్డ పుట్టాక కూడా చంపనిస్తున్నారన్నారు. అలాంటి చట్టం ఏ రాష్ట్రంలోనూ లేదు. గట్టి గొంతుతో చెప్పారు కాబట్టి ఆ రాత్రి అది నా చెవిలోంచి జారిపోయింది.

జూలై 21న బైడెన్ తప్పుకున్నారు. ఆయన బదులు ఉపాధ్యక్షురాలు కమలా హారిస్ నిలబడ్డారు. సెప్టెంబర్ 10న ఫిలడెల్ఫియాలో హారిస్, ట్రంప్ డిబేట్. ఈసారి నోట్‌బుక్‌లో రెండు పేజీలు చేసుకుని ఒకదానికి తీరు, రెండోదానికి మాట అని పేరు పెట్టాను. మర్నాడు సౌండ్ తీసేసి మళ్లీ చూశాను. తెర రెండుగా చీల్చి చూపిస్తారు కదా, మాట్లాడేవాళ్లని వదిలేసి వినేవాళ్లనే చూశాను.

హారిస్ తనే నడిచి వెళ్లి చెయ్యి కలిపారు. ఆ తర్వాత ట్రంప్ ఆమె వైపు దాదాపు చూడనేలేదు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ హారిస్ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నవ్వడం నాకు సాధన చేసుకొచ్చినట్టు అనిపించింది. ఆయన సభల్లోంచి జనం విసుగొచ్చి ముందే వెళ్లిపోతారని ఆమె అన్నారు. అంతే! వలసల మీద అడిగిన ప్రశ్న పక్కకు పోయింది. ట్రంప్ ముందు సభల సంగతి ఎత్తుకున్నారు, తర్వాత ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వలస వచ్చినవాళ్లు కుక్కల్ని తింటున్నారన్న మాట. అలాంటి నమ్మదగిన ఫిర్యాదులేవీ లేవని ఆ ఊరి సిటీ మేనేజర్ చెప్పారని యాంకర్ డేవిడ్ మ్యూర్ అన్నా, టీవీలో జనం చెప్తున్నారంటూ ట్రంప్ తగ్గలేదు. తీరు పేజీలో రాసుకున్నాను: చిన్న మాట గుచ్చుకుంటే పెద్ద ప్రశ్న వదిలేస్తారు. దేశాధ్యక్షుడిని గుచ్చేవాళ్లు రోజూ ఉంటారు, అందులో శత్రుదేశాలూ ఉంటాయి. నాకు ఇది చిన్న విషయం కాదు.

మాట పేజీ మాత్రం ఇద్దరికీ నిండింది. నాలుగేళ్ల క్రితం కన్నా జనం బాగున్నారా అని మొట్టమొదట హారిస్‌ని అడిగితే, తను మధ్యతరగతి ఇంట్లో పెరిగానంటూ మొదలుపెట్టారు. అవునూ లేదు, కాదూ లేదు. యుద్ధ ప్రాంతాల్లో మన సైనికులు ఒక్కరూ లేరన్నారు. ఇరాక్, సిరియాలలో ఉన్నవాళ్ల మాటేమిటి? ఆరోగ్య బీమాకి ప్రణాళిక ఉందా అంటే ట్రంప్ 'ఆలోచనలు ఉన్నాయి' అన్నారు. కొత్త ప్రణాళిక తెస్తానని అన్నేళ్లు చెప్పాక అదీ జవాబు.

వాట్సాప్ గ్రూపుల్లో అప్పటికే 'మనవాళ్లు' లెక్క మొదలైంది. హారిస్ తల్లిది చెన్నై అని ఒకరు, ట్రంప్ తరఫు ఉపాధ్యక్ష అభ్యర్థి వాన్స్ భార్య ఉష పూర్వీకులది పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు అని ఒకరు. ఆ గర్వం నాకూ ఉంది. కానీ ఆ రెండు పేజీల్లో దానికి చోటివ్వలేదు.

అక్టోబర్ 15న ముందస్తు ఓటింగ్ తెరిచారు. లైన్లో నిలబడి నోట్‌బుక్ మరోసారి తిరగేసి, లోపలికి వెళ్లేముందు బ్యాగులో పెట్టేశాను. ఇక్కడ తెరమీద నొక్కాక కాగితం ప్రింటై వస్తుంది, దాన్ని స్కానర్‌లో వెయ్యాలి. నా వెనకాయన చదవకుండానే వేసేశారు. నేను పేర్లన్నీ పైనుంచి కిందిదాకా నిదానంగా చదువుకుని వేశాను.

బయటికొచ్చి నాన్నకి ఫోన్ చేశాను. ఎవరికి వేశావని ఆయన అడగలేదు. లైన్ ఎంతసేపు పట్టింది, ఏమన్నా తిన్నావా అని అడిగారు.