అమ్మ ఫోన్ దొరికింది

సంక్రాంతి ముందు అనంతపురం పాతూరు మార్కెట్లో అమ్మ టమాటాలు ఏరుకుంటూ ఫోన్‌ను సంచిలో పైనే పెట్టింది, ఆటో ఎక్కాక చూసుకుంటే లేదు. నేను రింగ్ ఇస్తే రెండుసార్లు మోగి స్విచాఫ్. అమ్మ ఏడ్చింది ఫోన్ ఖరీదు తలుచుకుని కాదు, నాన్న చివరి ఉగాదికి పంచాంగం చదువుతుండగా తీసిన వీడియో అందులోనే ఉంది.

ఓటీపీలన్నీ ఆ నంబరుకే వస్తాయి కాబట్టి ముందు సిమ్ బ్లాక్ చేయించాను. పోలీస్ స్టేషన్లో ఐఎంఈఐ నంబరు, అంటే ఫోన్‌కు ప్రత్యేకంగా ఉండే గుర్తింపు నంబరు, అడిగారు. బీరువాలో పట్టుచీరల కింద ఫోన్ డబ్బా దొరికింది, దాని పక్కన తెల్ల స్టిక్కర్ మీద 15 అంకెలు, రెండు సిమ్‌ల ఫోన్ కాబట్టి రెండు వరసలు. మీరైతే ఫోన్ చేతిలో ఉండగానే *#06# కొట్టి ఆ నంబర్లు ఎక్కడైనా రాసిపెట్టుకోండి, దయచేసి ఇవాళే.

అదే నంబరుతో డూప్లికేట్ సిమ్ తీసుకుని, ఫిర్యాదు కాపీ జతచేసి కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ సైట్‌లో, పోయిన ఫోన్లను బ్లాక్ చేసే సీఈఐఆర్ విభాగంలో, ఫోన్ బ్లాక్ చేయమని రిక్వెస్ట్ పెట్టాను. ఇది 2023 మేలో దేశమంతటికీ అందుబాటులోకి వచ్చింది. ఆ ఫోన్‌లో ఎవరైనా వేరే సిమ్ వేస్తే పోలీసులకు తెలుస్తుంది, మనకు మ్యాపులో ఏమీ కనబడదు, ఓపిక పట్టాల్సిందే.

38వ రోజు స్టేషన్ నుంచి ఫోనొచ్చింది. పగిలిన మూల చూసి అమ్మ వెంటనే గుర్తుపట్టింది. లోపల మాత్రం అంతా తుడిచేశారు. ఇంటికొచ్చి అన్‌బ్లాక్ రిక్వెస్ట్ పెడుతుంటే తాడిపత్రి నుంచి పిన్ని, "అక్కా, ఆ వీడియో నాకు అప్పుడే పంపించావు కదే!" అంది.