వసంతంలో వచ్చే పిట్టలు, వెళ్ళే పిట్టలు

మార్చి నెలాఖరులో నెల్లూరు వెళ్తున్నామంటే ఇక్కడ ఒహాయోలో తెలిసినవాళ్ళంతా వద్దన్నారు. సెలవులు వారమే, పైగా ఎండలు, జూన్‌లో వెళ్ళండి అని. జూన్‌లో వెళ్తే నేలపట్టు పక్షుల అభయారణ్యంలో గూడబాతులు (పెలికాన్లు) ఉండవు. మా అబ్బాయికి కావలసింది అవే.

వాడికి పిట్టల పిచ్చి ఇక్కడే పట్టుకుంది. మే నెలలో ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న మగీ మార్ష్ అనే చిత్తడి నేలకి వార్బ్లర్లు అనే చిన్న పిట్టలు వస్తాయి. దక్షిణాన ఎక్కడో చలికాలం గడిపి, సరస్సు దాటబోయే ముందు ఆ చెట్లలో ఆగి, పురుగులు తిని ఒంట్లో సత్తువ నింపుకుంటాయి. పది గ్రాములుండే పిట్ట అంత దూరం ఎగురుతుందంటే నాకూ నమ్మబుద్ధి కాలేదు. అప్పటినుంచి వాడి మెడలో బైనాక్యులర్స్ దిగలేదు.

నేలపట్టు మా నాన్నవాళ్ళ ఊరికి దగ్గరే. 2022లో తిరుపతి జిల్లాలో కలిపేశారు గానీ మా నోటికి అది ఇంకా నెల్లూరే. నాన్న మనవణ్ణి తెల్లవారకముందే లేపి తీసుకెళ్ళారు. నీళ్ళలో నిలబడ్డ కడప చెట్ల మీద ఇంకా కొన్ని గూళ్ళలో పిల్లలున్నాయి. ఒక గూడబాతు వచ్చి వాలగానే, దానంత ఎదిగిన పిల్ల రెక్కలు టపటపలాడిస్తూ తల్లి నోట్లో తల పెట్టేసింది. మెడ దాకా లోపలికి పోయింది. "చూడబ్బయ్యా, మింగేస్తాదేమో అనిపిస్తాది గదా! చేపలు తింటా ఉండాది" అన్నారు నాన్న. వాడు ఊపిరి బిగబట్టి చూశాడు.

ఇక చెప్పడం వాడి వంతు. కంటిమీద తెల్లటి చార ఉన్న చిన్న బాతుల్ని చూపించి, ఇవి గుడ్లు పెట్టడానికి సైబీరియా వైపు పోతాయి తాతా అన్నాడు. ఏటా చలికాలంలో వాటిని చూస్తున్న మనిషి, ఎక్కడికి పోతాయో తెలియని మనిషి, చెరువు కట్ట మీద కూర్చుని మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించుకున్నారు. బదులుగా పిట్టల రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పారితే వరికి ఎరువు తక్కువ వేస్తారని చెప్పారు. ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు పిట్టల జోలికి పోకపోవడానికి అదీ ఒక కారణం. 1976లో అభయారణ్యం చేయకముందు నుంచీ ఉన్న కట్టుబాటు అది.

తిరిగొస్తుంటే "మనకి స్ప్రింగ్‌లో వస్తాయి, ఇక్కడ వెళ్ళిపోతాయి కదమ్మా" అన్నాడు. వాడంతట వాడే పట్టుకున్నాడు. ఇక్కడ తెలుగు బడికి పంపుతున్నాం, పండగలు చేస్తున్నాం. అవన్నీ మేం ఇస్తే పిల్లలు పుచ్చుకునేవి. తాతకి తను ఇవ్వగలిగింది వాడికి ఆ కట్ట మీద మొదటిసారి దొరికింది. "తిన్నావా", "తిన్నాను" దగ్గరే ఆగిపోయే వీడియో కాల్ ఇప్పుడు అరగంట నడుస్తోంది. తెలుగు తడబడితే చేతులతో ముక్కు ఆకారం చేసి చూపిస్తున్నాడు.

మీ పిల్లలకూ ఈ ఆసక్తి ఉంటే డిసెంబరు సెలవుల్లో వెళ్ళండి, లేదా మార్చిలో. చెన్నైలో దిగి నెల్లూరు పోయే హైవే మీదే దొరవారిసత్రం వస్తుంది, అక్కడినుంచి దగ్గర. పొద్దున్నే వెళ్ళండి, గూళ్ళ దగ్గర అరవనివ్వకండి. తాతనో అమ్మమ్మనో మాత్రం ఇంట్లో వదిలి వెళ్ళకండి.